మిద్దె దూలంతో గిటార్

కడపలో ఉండి సొంతంగా గిటార్ చేశానని చెబితే ఎవరైనా మొదట అడిగేది కలప గురించే. కెనడా నుంచి తెప్పించారా? ఆన్‌లైన్‌లో సెట్టుగా అమ్ముతారట కదా, ఎంతయింది? వెనుక పలక, పక్కలు, మెడ ప్రొద్దుటూరు దగ్గర పడగొట్టిన ఒక మట్టి మిద్దె దూలం నుంచి తీశానని, పై పలక ఏదో విదేశీ యంత్రం వచ్చిన పెట్టె చెక్క అని జవాబిస్తే అడిగినవాళ్ల ముఖంలో కాస్త జాలి కనబడుతుంది. డబ్బు పెట్టలేక ఇలా సర్దుకున్నాడు పాపం అనుకుంటారు.

సర్దుకోలేదు. ఎంచుకున్నాను. సీమలో ఉండి తొలిసారి గిటార్ చేయబోయేవాళ్లు విదేశీ కలప సెట్టు కొనకుండా ఉండటమే మంచిదని నా గట్టి నమ్మకం. ఖరీదు ఒక కారణమే గానీ అది చిన్న కారణం. అసలు కారణానికి రావాలంటే గిటార్‌లో ఏ భాగం ఏ పని చేస్తుందో ముందు చెప్పుకోవాలి.

తీగ ఒక్కటే మోగితే దాని శబ్దం పక్క గదిలోకి కూడా వినబడదు. సన్నని తీగకు గాలిని కదిలించే శక్తి లేదు. తీగ కదలికను బ్రిడ్జి, అంటే పై పలకకు అతికించి తీగలు బిగించే చిన్న ముక్క, అందుకుని పై పలకకు ఇస్తుంది, వెడల్పాటి ఆ పలక ఊగి గాలిని కదిలిస్తుంది. పెట్టెలో ఉన్న గాలి కూడా గుండ్రటి రంధ్రం గుండా లోపలికీ బయటికీ ఊగుతుంది. మామూలు సైజు గిటార్‌లో ఆ ఊపు సెకనుకు దాదాపు వంద సార్లు ఉంటుంది. అన్నిటికంటే లావు తీగ పలికే 82 హెర్ట్జ్ స్వరానికి నిండుదనం రావడంలో ఈ గాలి పాత్ర ఎక్కువ. మొత్తం మీద మన చెవికి చేరే శబ్దంలో సింహభాగం పై పలకదే. వెనుక పలక, పక్కలు ఆ పలకను పట్టి ఉంచుతాయి, గాలిని మూసి ఉంచుతాయి, స్వరానికి కొంత రంగు అద్దుతాయి.

ఇది నా సిద్ధాంతం కాదు. ఇవాళ మనం చూస్తున్న క్లాసికల్ గిటార్‌కు రూపం ఇచ్చిన ఆంటోనియో డి టోరెస్ దీన్ని 1862లోనే చేసి చూపించాడు. ఆయన 1817లో స్పెయిన్‌లోని అల్మెరియా ప్రాంతంలో పుట్టాడు. చిన్నతనంలో నేర్చుకున్నది వడ్రంగం. పై పలకదే ప్రధాన పాత్ర అని నిరూపించడానికి ఆయన ఒక గిటార్‌కు పై పలక మాత్రం మంచి చెక్కతో చేసి, వెనుక భాగాన్నీ పక్కలనూ కాగితపు గుజ్జుతో చేశాడు. ఆ వాద్యం ఇప్పటికీ బార్సిలోనా సంగీత ప్రదర్శనశాలలో ఉంది.

కాగితం నాటి కథ చాలదనేవాళ్ల కోసం ఈ కాలపు పరీక్ష కూడా ఉంది. బ్రిటన్‌లోని లాంకాస్టర్ విశ్వవిద్యాలయ పరిశోధకులు ఒకే నిర్మాతతో ఆరు గిటార్లు చేయించారు. వెనుక పలక, పక్కల చెక్క తప్ప అన్నీ ఒకటే. ఒకటి బ్రెజిల్ రోజ్‌వుడ్, ఒకటి మన దేశపు రోజ్‌వుడ్, మిగతావి మహాగని, మేపుల్, సపేలి, వాల్‌నట్. 52 మంది గిటారిస్టులను మసక వెలుతురులో కూర్చోబెట్టి, ఏది ఏదో కనబడకుండా వెల్డింగ్ కళ్లద్దాలు పెట్టించి వాయించమన్నారు. ఖరీదైన చెక్కకూ చవక చెక్కకూ వాళ్లు ఇచ్చిన మార్కుల్లో చెప్పుకోదగ్గ తేడా రాలేదు. ఈ ఫలితాలు 2018లో వచ్చాయి. ఆ తర్వాత కూడా రోజ్‌వుడ్ లేకపోతే గిటారే కాదన్న మాట మన దగ్గర బలంగా వినబడుతోంది.

అసలు రోజ్‌వుడ్‌కు ఆ పీఠం ఎలా దక్కిందో చూడండి. అమెరికాలో మార్టిన్ వంటి కంపెనీలు వాడింది బ్రెజిల్ రోజ్‌వుడ్. బ్రెజిల్ తన దుంగలను బయటికి పంపడం ఆపేయడంతో మార్టిన్ 1969లో మన దేశపు రోజ్‌వుడ్‌కు మారింది. అప్పటి నుంచి పడమటి కనుమల జిట్రేగి చెక్క ప్రపంచానికి ప్రమాణమైంది. అంటే దొరికినదాన్ని వాడారు, వాడినదాన్ని విన్నారు, విన్నదానికి చెవులు అలవాటు పడ్డాయి. 1992లో బ్రెజిల్ రోజ్‌వుడ్ వ్యాపారాన్ని అంతర్జాతీయ ఒప్పందం కింద పూర్తిగా కట్టడి చేశారు. 2017లో ఆ జాతి చెట్లన్నిటి మీదా ఆంక్షలు పెట్టి, తయారై పూర్తయిన వాద్యాలకు 2019లో మినహాయింపు ఇచ్చారు, బ్రెజిల్ రోజ్‌వుడ్‌కు తప్ప. ఒకప్పుడు చేతికి అందిన చెక్కే ఇవాళ పవిత్రమైన చెక్క అయింది. మన చేతికి అందే చెక్క ఏమిటని మనం అడగకపోవడం నాకు బాధగా ఉంటుంది.

ఇక్కడ ఒక ప్రశ్న తప్పక వస్తుంది. కడప జిల్లా కదా, ఎర్రచందనం వాడొచ్చు కదా అంటారు. వాద్యాలకు అది పనికొస్తుందన్న మాట నిజమే. జపాన్‌లో షామిసెన్ అనే మూడు తీగల వాద్యం మెడకు మన ఎర్రచందనాన్ని ఎంతో గొప్పగా చూస్తారు. కానీ ప్రపంచంలో ఆ చెట్టు సహజంగా పెరిగేది శేషాచలం, పాలకొండలు, లంకమల, వెలిగొండల చుట్టుపక్కలే. అది అంతరించే ప్రమాదంలో ఉన్న జాతుల జాబితాలో ఉంది. దాని కోసం మన అడవుల్లో ఎంత నెత్తురు కారిందో ఈ జిల్లా వాళ్లకు చెప్పక్కర్లేదు. పక్కలకు ఏ చెక్కయినా సరిపోతుందని పరీక్షలే చెబుతున్నప్పుడు ఎర్రచందనం ముక్క కోసం ఆశపడటంలో అర్థం లేదు. ఎవరైనా తెచ్చి ఇస్తామన్నా వద్దనండి.

మిద్దెల సంగతికి వస్తాను. రాయలసీమ పల్లెల్లో మట్టి మిద్దెలు ఒక్కొక్కటిగా పోతున్నాయి. దూలాలు, వాటి మీద దంతెలు, పైన మట్టి, సున్నం. కొన్ని ఇళ్లలో దూలాలు వేప, కొన్నిట్లో ఏపి, కలిగినవాళ్ల ఇళ్లలో టేకు. స్లాబు ఇల్లు కట్టాలని మిద్దె పడగొట్టినప్పుడు తలుపులు, ద్వారబంధాలు పాత సామాన్ల వాళ్లు మంచి ధరకు కొంటారు. చివర్లు పుచ్చిన దూలాలు మాత్రం కట్టెల లెక్కన పోతాయి. గిటార్‌కు కావలసిన పొడవు మీటరు లోపే. రెండు చివర్లూ పుచ్చిపోయినా మధ్య భాగం మనకు చాలు. వెనుక పలకను రెండు ముక్కలు అతికించి చేస్తాం కాబట్టి 20 సెంటీమీటర్ల వెడల్పు దొరికితే సరిపోతుంది. ఎనిమిది అంగుళాల దూలంలో అది సరిగ్గా దొరుకుతుంది.

నేను తెచ్చిన దూలం వంటింటి పొగకు నల్లగా బొగ్గు రంగులో ఉండేది. కోత మిల్లులో మొదట దాన్ని కోయడానికి ఒప్పుకోలేదు. పాత కలపలో మేకులుంటాయి, ఒక్క మేకు తగిలితే రంపం బ్లేడు పోతుంది. వాళ్ల జాగ్రత్త సబబే. నాలుగు వైపులా అయస్కాంతం పెట్టి అంగుళం అంగుళం చూసి, విరిగిపోయి లోపల దాగిన మేకులను కూడా తవ్వి తీశాక ఒప్పుకున్నారు. మొదటి కోత పడగానే మిల్లంతా టేకు వాసన. పైన బొగ్గులా ఉన్న కలప లోపల తేనె రంగులో, సన్నని నల్ల చారలతో ఉంది. రెండు తరాల పాటు వంటింటి మీద ఎండిన చెక్క అది. బట్టీలో ఆరబెట్టిన కొత్త కలప కంటే ఇలా ఏళ్ల తరబడి ఎండిన కలప తేమకు తక్కువగా స్పందిస్తుందంటారు. తమిళనాట నాదస్వరం చేసేవాళ్లు పాత ఇళ్ల నుంచి తీసిన ఆచ్చా కలపనే వెతుక్కుని కొంటారు. ఆ ఆచ్చా మన సీమ అడవుల్లోని ఏపి చెట్టే. మన ఇళ్లు కూలినప్పుడు పోతున్నది ఏమిటో వాళ్లకు తెలుసు.

టేకుకు రెండు చిక్కులున్నాయి. దానిలో సన్నని ఇసుక వంటి సిలికా ఉంటుంది, ఉలి, చిత్రిక పదును తొందరగా పోతాయి. నూనె గుణం వల్ల జిగురు సరిగా పట్టదు. మొదటిదానికి సానరాయి పక్కనే పెట్టుకోవాలి. రెండోదానికి అతికించే ముందు ఆ అంచును తాజాగా చిత్రిక పట్టి, ఎసిటోన్‌తో తుడిచి, ఆరిన వెంటనే జిగురు రాయాలి. అంతే. దానికి బదులు టేకు ఇచ్చేది పెద్ద వరం. తేమ మారినప్పుడు అది చాలా తక్కువగా వ్యాకోచించి, చాలా తక్కువగా కుంచించుకుపోతుంది. మన ఎండలకు అంతకంటే ఏం కావాలి?

పై పలక విషయం వేరు. దానికి తేలికగా ఉండి బిగువుగా ఉండే చెక్క కావాలి. చలి ప్రాంతాల చెట్టు స్ప్రూస్ అందుకే వాడతారు. స్ప్రూస్ ఆంధ్ర దేశంలో పెరగదు. కానీ దాని దగ్గరి చుట్టం పైన్, దిగుమతి యంత్రాల పెట్టెల రూపంలో మన ఊళ్లకు వస్తూనే ఉంటుంది. హైవేల పక్కన పాత సామాన్ల కొట్లలో కట్టలు కట్టి అమ్ముతారు. ఆ చెక్క మీద గోధుమ కంకి గుర్తుతో ఒక ముద్ర ఉంటుంది. దేశాల మధ్య తిరిగే పెట్టెల చెక్కలో పురుగు లేకుండా చేయాలన్న అంతర్జాతీయ నియమం ప్రకారం వేసే ముద్ర అది. దానిలో హెచ్‌టీ అని ఉంటే వేడి చేసిన చెక్క అని అర్థం. చెక్క నడిమధ్యన కూడా 56 డిగ్రీల వేడి అరగంట పాటు ఉండేలా చూస్తారు. ఎంబీ అని ఉంటే మిథైల్ బ్రోమైడ్ అనే విషవాయువు పట్టించినది, దాన్ని ఇంటికి తేవద్దు. ముద్ర చూశాక పలక కోసిన చివరను చూడండి. వయసు వలయాల గీతలు పలక ముఖానికి నిలువుగా, దగ్గర దగ్గరగా ఉండాలి. పడుకున్నట్టు వంపు తిరిగి ఉంటే వదిలేయండి. ఒక్కోసారి కట్ట మొత్తం విప్పినా ఒక్క పలకే పనికొస్తుంది. కొట్టువాడికి ముందే చెప్పి, ఏరుకునే హక్కు కోసం కొంచెం ఎక్కువ ఇవ్వండి.

పెట్టె చెక్కతో గిటార్ అనగానే నవ్వేవాళ్ల కోసం ఒక మాట. అమెరికాలో పేరున్న గిటార్ నిర్మాత బాబ్ టేలర్ 1995లో పారేసిన ప్యాలెట్ చెక్కతో ఒక గిటార్ చేశాడు. మేకుల రంధ్రాలు కనబడేలా ఉంచి మరీ ప్రదర్శనలో పెట్టాడు. చెక్క కంటే చేసే చేయి ముఖ్యమని చూపించడమే ఆయన ఉద్దేశం.

దీనికి ఎదురుగా ఒక బలమైన వాదన ఉంది. దాన్ని నేను తేలిగ్గా తీసుకోను. తొలిసారి చేసేవాడు అందరూ వాడే చెక్కనే వాడాలి, అప్పుడే శబ్దం బాగా రాకపోతే లోపం చేతిదా చెక్కదా అని తెలుస్తుంది, తెలియని చెక్క పట్టుకుంటే ఏదీ తెలియదు అంటారు. వినడానికి సబబుగా ఉంటుంది. కానీ అందరూ వాడే చెక్కతో పాటు ఒక కొలతల పట్టిక వస్తుంది. పై పలక 2.8 మిల్లీమీటర్లు, పక్కలు 2, పలకకు బలంగా లోపల అతికించే పట్టీల ఎత్తు ఇంత, వెడల్పు ఇంత. తొలిసారి చేసేవాడు ఆ అంకెలకు చేరగానే ఆగిపోతాడు. చెక్కను అడగడు. ఒకే చెట్టు నుంచి తీసిన రెండు పలకలు కూడా బిగువులో ఒకేలా ఉండవని అతనికి తెలిసే అవకాశం రాదు. పట్టిక లేని చెక్క పట్టుకున్నవాడికి కొలవక తప్పదు. విదేశీ సెట్టు కొనవద్దని నేను చెప్పే అసలు కారణం ఇదే.

కొలవడం కష్టమేమీ కాదు. పలకను రెండు సన్నని కర్రల మీద ఆనించాలి. నడుమ ఒక కిలో రాయి పెట్టి, ఎంత కుంగిందో డయల్ గేజితో, అంటే చిన్న కదలికను కూడా ముల్లుతో చూపే పరికరంతో, చూడాలి. మాది మందుల కొట్టు కాబట్టి తూకపు రాళ్లకు కొదవ లేదు. నార వెంట ఒకసారి, నారకు అడ్డంగా ఒకసారి. చిత్రికతో కొంచెం తీసి మళ్లీ చూడాలి. పలక బిగువు మందం ఘనంతో మారుతుంది. 3 మిల్లీమీటర్ల పలక రెండున్నర మిల్లీమీటర్ల పలక కంటే దాదాపు 1.7 రెట్లు బిగువుగా ఉంటుంది. అర మిల్లీమీటరు అంటే కంటికి ఏమీ కాదు, గేజి ముల్లు మాత్రం గబుక్కున జరుగుతుంది. నా పైన్ పలక నారకు అడ్డంగా మెత్తగా ఉండటంతో పట్టిక కంటే కాస్త మందంగా ఉంచి, ఆ బరువును లోపలి పట్టీల్లో తగ్గించాను.

గేజి ఒక సాక్షి, చెవి రెండో సాక్షి. పలక పై భాగాన్ని అంచు దగ్గర రెండు వేళ్లతో తేలిగ్గా పట్టుకుని వేలాడదీసి, బ్రిడ్జి వచ్చే చోట వేలి కణుపుతో తట్టాలి. మందంగా ఉన్నప్పుడు టక్కుమని పొడి చప్పుడు వచ్చి ఆగిపోతుంది. తీస్తున్నకొద్దీ చప్పుడు కిందికి దిగుతుంది, నిడివి పెరుగుతుంది. ఒక దశలో అది చప్పుడు మానేసి స్వరం అవుతుంది. వేలు తీశాక కూడా కాసేపు ఉంటుంది. పట్టీలు అతికించాక పని మళ్లీ మొదలు. ఇంగ్లిషు ఎక్స్ అక్షరంలా దాటుకునే రెండు పెద్ద పట్టీలు, వాటి పక్కన చిన్నవి. 19వ శతాబ్దం మధ్యలో పుట్టి, ఆ తర్వాత స్టీలు తీగల గిటార్‌కు స్థిరపడిన అమరిక ఇది. ఉలితో ఒక్కో పట్టీ కొసను పలచన చేస్తూ ప్రతి నాలుగు చెక్కుళ్లకూ ఒకసారి తట్టి వింటూ ఉంటే పలకలో ఏ మూల మూగగా ఉందో, ఏ మూల తెరుచుకుందో తెలుస్తుంది. గిటార్ చేయడంలో నాకు అన్నిటికంటే ఇష్టమైన పని ఇది. మా ఇంట్లోవాళ్లకు మాత్రం తలనొప్పి.

మా వీధిలో ఉండే ఆచారి గారు ఈ దశలోనే నాతో గట్టిగా విభేదించారు. ఆయన జీవితమంతా తలుపులు, ద్వారబంధాలు చేసినవారు. రంపం పట్టడం, చిత్రిక కత్తి సాన పెట్టడం నాకు నేర్పింది ఆయనే. మిల్లీమీటర్లలో ఉన్న ఆ పలకను చేతిలోకి తీసుకుని, "ఇంత పలచన దానికి తీగలు బిగిస్తావా నాయనా? లాగితే చీలిపోదూ?" అన్నారు. ఆయన భయం న్యాయమైనదే. ఆరు స్టీలు తీగలు కలిసి 70 కిలోలకు పైగా లాగుతాయి. ఒక మనిషి బరువు ఎప్పుడూ ఆ పలక మీద వేలాడుతున్నట్టే. దానికి తట్టుకునేంత దిట్టంగా చేస్తే మోగదు, మోగేంత పలచగా చేస్తే నిలవదు. ఆ రెంటి నడుమ ఉన్న సన్నని చోటు కోసమే ఈ కొలతలన్నీ. "పట్టీని ఎత్తుగా ఉంచి వెడల్పు తగ్గిస్తే బలం పోదండీ" అని ఒక ముక్క మీద చేసి చూపించాను. 12 మిల్లీమీటర్ల ఎత్తును 15 చేస్తే బిగువు దాదాపు రెట్టింపవుతుంది, బరువు మాత్రం పావు వంతే పెరుగుతుంది. ఆయన ఆ ముక్కను రెండు చేతులతో వంచి చూసి, మారు మాట్లాడకుండా ఇంటికి తీసుకెళ్లారు. తలుపు చట్రాలకు పనికొస్తుందేమో చూడటానికట.

పక్కలు వంచే పని మాటల్లో కంటే చేతికి బాగా తెలుస్తుంది. రెండు మిల్లీమీటర్ల టేకు పట్టీని నీళ్లలో తడిపి, లోపల మంట పెట్టిన ఇనుప గొట్టానికి ఆనిస్తాం. గొట్టం మీద నీటి చుక్క పడగానే గంతులేస్తూ ఆరిపోయేంత వేడి ఉండాలి. మొదట నడుము వంపు. అరచేతులతో రెండు వైపులా సమానంగా ఒత్తుతూ ముందుకీ వెనక్కీ జరుపుతూ ఉంటే కాసేపు చెక్క అసలు మాట వినదు. బలం పెట్టాలనిపిస్తుంది. పెట్టకూడదు. వేడికీ ఆవిరికీ నార పోగులను పట్టి ఉంచే లిగ్నిన్ మెత్తబడేదాకా ఆగాలి. ఉన్నట్టుండి చేతుల కింద పట్టు సడలుతుంది. అప్పుడు వేళ్ల ఒత్తిడి చాలు. ఆ సడలిన క్షణం నుంచి వంపు పూర్తయ్యేదాకా చేయి ఆపకూడదు. గొట్టం మీద నుంచి తీసి, చల్లారేదాకా అచ్చులో బిగించి ఉంచాలి.

సీమ వాతావరణం వాద్యాలకు పడదన్న మాట కూడా చాలామంది అంటారు. నేను ఒప్పుకోను. చెక్క నార వెంట దాదాపుగా మారదు, నారకు అడ్డంగా మారుతుంది. పట్టీలు పలక నారకు అడ్డంగా పోతాయి. తేమ ఎక్కువగా ఉన్నప్పుడు అతికిస్తే ఎండాకాలం పలక కుంచించుకుపోవాలని చూస్తుంది, పట్టీ ఒప్పుకోదు, పలక చీలుతుంది. తేమ తక్కువగా ఉన్నప్పుడు అతికిస్తే వానాకాలంలో పలక కొంచెం ఉబ్బుతుంది, ఆ తర్వాత దిగుతుంది. ఉబ్బును వాద్యం భరిస్తుంది, చీలికను భరించదు. గాలిలో తేమ 40 నుంచి 45 శాతం ఉన్నప్పుడు పట్టీలు అతికించాలి. తేమ ఎప్పుడూ ఎక్కువగా ఉండే ఊళ్లలో అందుకోసం గది మూసి యంత్రం పెట్టుకుంటారు. మా దగ్గర కార్తీకం దాటి చలి వెనకబడ్డాక పగటి పూట కిటికీ తెరిస్తే అదే వస్తుంది. తేమ కొలిచే హైగ్రోమీటరు ధర కొన్ని వందల రూపాయలే, గోడకు తగిలించుకోండి. ఒక హెచ్చరిక: మే నెలలో పని చేస్తూ ఎయిర్ కూలర్ వేయవద్దు. అది నీటి తడినే గదిలోకి తోస్తుంది. హైగ్రోమీటరు ముల్లు చూస్తుండగానే పైకి పోతుంది. పూర్తయిన గిటార్‌ను కూడా దాని ఎదుట పెట్టవద్దు. టోరెస్ పుట్టి, తర్వాత పని కూడా చేసిన అల్మెరియా ఐరోపాలో బాగా ఎండ ముదిరిన ప్రాంతాల్లో ఒకటి, ఎడారి ఆనుకుని ఉంటుంది. పొడి నేల మీద గొప్ప గిటార్లు పుట్టవని ఎవరు అనగలరు?

మన వేడి మరో మేలు కూడా చేస్తుంది. కొట్లో దొరికే మామూలు తెల్ల జిగురు ఎండలో నిలిపిన కారు వేడికే మెత్తబడి, తీగల లాగుడుకు బ్రిడ్జి మెల్లగా జరిగిపోయే ప్రమాదం ఉంది. అందుకే పాతకాలం తోలు జిగురు వాడాను. పలుకులను నానబెట్టి, నీళ్ల గిన్నెలో పెట్టిన గిన్నెలో 60 డిగ్రీల వరకు కాచి రాస్తారు. చలి దేశాల్లో దానితో పెద్ద తంటా. రాసిన నిమిషంలోనే గడ్డకట్టిపోతుంది, ముక్కలను ముందుగా వేడి చేసుకుని పరుగులు పెట్టాలి. కడపలో ఫిబ్రవరి చివరి మధ్యాహ్నం మేడమీద గదిలో అంత హడావుడి లేదు. ముక్కను తీరిగ్గా సరిచూసుకుని బిగించుకునేంత వ్యవధి ఇస్తుంది. ఇక సమతలం కోసం బయటివాళ్లు ఖరీదైన గ్రానైట్ పలకలు కొంటారు. మనకు నున్నగా పాలిష్ చేసిన కడప బండ ఉంది. స్టీలు స్కేలు నిలబెట్టి వెనుక నుంచి దీపం పెట్టి, వెలుతురు దూరని బండను ఎంచుకున్నాను. దాని మీద గరుకు కాగితం అంటించి ఫింగర్‌బోర్డును, అంటే మెడ మీద వేళ్లు ఆనే పలకను, రుద్దితే అంతకంటే చదునైన పని యంత్రం కూడా చేయదు.

ఫింగర్‌బోర్డుకు ఎబొనీ అనే గట్టి నల్ల చెక్క బదులు పాత ఎద్దుల బండి నొగ నుంచి తీసిన నల్లతుమ్మ. ఇనుములా ఉంటుంది. ఫ్రెట్ల, అంటే దాని మీద అడ్డంగా దిగే మెట్ల, లెక్క సులువే: తీగ పొడవును 17.817తో భాగిస్తే మొదటి ఫ్రెట్ దూరం, మిగిలిన పొడవును మళ్లీ అదే అంకెతో భాగిస్తే రెండోది. 650 మిల్లీమీటర్ల తీగకు మొదటిది 36.48, రెండోది 34.43, పన్నెండోది సరిగ్గా సగంలో, 325 దగ్గర పడుతుంది. వీణకు 24 మెట్లనూ మైనంలో గుచ్చి చెవితో సరిచేసుకునే వెసులుబాటు ఉంది. గిటార్‌కు లేదు, రంపపు గాటు పడ్డాక పడ్డట్టే. ఫ్రెట్ తీగ, బిరడాలు, మెడలోని ఉక్కు కడ్డీ మాత్రం కొన్నాను.

ఇంకొక అడ్డంకి ఉంది, దాన్ని దాటేసి పోవడం నాకు ఇష్టం లేదు. మా పెదనాన్న మొదటి రోజే, "వడ్రంగం మనకెందుకురా, డబ్బులు పెడితే దొరకదా?" అన్నారు. ఆయన మంచి మనిషి, నా మేలు కోరే అన్నారు. కానీ ఆ మాటలో "మన" అన్నది ఎవరిని కలుపుతుందో, ఎవరిని వెలుపల ఉంచుతుందో మనందరికీ తెలుసు. చేతిపనిని కొన్ని కులాలకు వదిలి, ఆ పనివాళ్లకు తగిన గౌరవం ఇవ్వకుండా, మిగతావాళ్లం చేతులు మడుచుకుని కూర్చున్నాం. కులాల హెచ్చుతగ్గులను ప్రశ్నించిన బ్రహ్మంగారి మఠం ఉన్న జిల్లాలో ఉండి కూడా అంతే. దాని వల్ల ఇద్దరికీ నష్టమే జరిగింది. చదువుకున్నవాడికి చెక్క ఎలా వంగుతుందో తెలియదు. చెక్క తెలిసినవాడికి తన పనిలో ఎంత భౌతికశాస్త్రం ఉందో ఎవరూ చెప్పరు. ఆచారి గారు ఒక్క వంపు చూసి చెప్పే మాట, నా గేజి చెప్పే అంకె ఒకదానికొకటి సరిపోయిన ప్రతిసారీ మా ఇద్దరికీ కొత్త విషయం తెలిసింది. చదువుకుని ఉద్యోగాలు చేసుకునేవాళ్లు రంపం పట్టాలి. ఆ విద్య ఎవరి దగ్గర ఉందో వాళ్ల అరుగు మీదికి వెళ్లి, గురువు అని పిలిచి నేర్చుకోవాలి, నేర్పినందుకు డబ్బు ఇవ్వాలి. వాయించడానికే గిటార్ కావాలంటే మాత్రం కొనుక్కోండి, ఈ రోజుల్లో తక్కువ ధరకే మంచివి వస్తున్నాయి. నేను మాట్లాడుతున్నది చేయాలని చేతులు ఉవ్విళ్లూరేవాళ్లతో.

నా గిటార్ ఎలా మోగుతుంది? కింది స్వరాలు గుండెను కదిపేంత లోతుగా లేవు, కానీ స్పష్టంగా ఉన్నాయి. నడిమి స్వరాలు ముందుకు వస్తాయి, మనిషి గొంతు పక్కన నిలబడటానికి అది బాగా పనికొస్తుంది. పై తీగ ఏడో ఫ్రెట్ దగ్గర మీటితే గంట మోగినట్టు నిలుస్తుంది. రెండు ఎండాకాలాలు దాటింది, ఎక్కడా చీలలేదు. పెళ్లిళ్లలో, పండుగల్లో వాయించే స్నేహితుడొకరు దాన్ని పట్టుకుని ఒక సాయంత్రమంతా వదల్లేదు. ఏ చెక్క అని మాత్రం అడగలేదు.

మీ ఊళ్లో మిద్దె ఏదైనా పడగొడుతున్నారని తెలిస్తే దూలాలు కట్టెలకు వెళ్లకముందే ఒకసారి వెళ్లి చూడండి. గోరుతో గీకి, తడి చేసి, రంగు చూడండి. టేకో వేపో ఏపో ఆ ఇంటి పెద్దలకు గుర్తుంటుంది. గిటార్ చేయకపోయినా మీటరు ముక్క ఒకటి తెచ్చి నీడలో పెట్టుకోండి.

రెండో గిటార్ మొదలుపెట్టాం. మెడకు వేప వాడదామని ఆచారి గారు పట్టుబట్టారు. టేకు కంటే మోత బాగుంటుందని ఆయన అంచనా. వేప నార ఒక వరుసలో ఒకవైపు, తర్వాతి వరుసలో మరోవైపు వాలుతుంది, మెలి తిరుగుతుందని నా భయం. మూడు పట్టీలుగా చీల్చి, మధ్య పట్టీని తిరగేసి అతికిస్తే ఒకదాని మెలి మరొకటి అణుస్తుందని ఆయన వాదన. మూడు పట్టీలూ మేడమీద గదిలో ఉన్నాయి. వానాకాలం వెళ్లాక బండ మీద పెట్టి ఒక్కోదాని వంకర కొలుస్తాం. మిల్లీమీటరు లోపు ఉంటే ఆయన మాటే.